వంక అవతల వదిలిన నల్లకోడి

నాకుండే భయాల్లోకెల్లా పెద్దది ఇది: మా ఇంటి కోళ్ళ రోగం కుప్పమ్మవ్వ ఇంటికి చేరి, ఆమె కోళ్ళన్నీ చచ్చిపోతాయేమో అని.

నా కోళ్ళ మాట అయిపోయింది. తొమ్మిదింటిలో ఆరు పెరట్లో గుంతలో ఉండాయి. రెండు గంప కింద మెడలు వాల్చుకోని, ఇప్పుడా ఇంకాసేపటికా అన్నట్టు ఉండాయి. వాటికోసం ఏడ్చేదంతా ఏడ్చేసినాను. తొమ్మిదోది నల్లకోడి. అది బతికుందో లేదో, యాడుందో నాకు తెలీదు. మా అత్త దాన్ని తీసుకపోయి వంక అవతల వదిలేసి వచ్చింది. వంక అవతల మామిడితోపులో ఉండేది ఒకే ఒక ఇల్లు, కుప్పమ్మవ్వది. ఆమె నాకేం చెరుపు చేసిందని? మా పాపకు గుడ్లు ఉంటాయని ఒక కోడిని ఇచ్చింది. అంతే ఆమె చేసిన తప్పు.

మొదటినుంచి చెప్తాను. ఈ ఇంట్లో నేను చెప్పేది వినేవాళ్ళు ఎవరూ లేరు.

నేను పుట్టి పెరిగింది చిత్తూరు టౌన్లో, ఒక రూము ఇంట్లో. మా నాయన మండీలో మూటలు మోసేవాడు. కోడి అంటే నాకు తెలిసిందల్లా అంగట్లో తక్కెట్లో పెట్టి తూచేదే. తొమ్మిదో తరగతిలో ఉండగా మా అమ్మకు కాలూ చెయ్యీ పడిపోతే బడి మానేసినాను. మళ్ళీ పోలేదు. పెళ్ళి చేసుకోని ఐరాల పక్కనుండే ఈ పల్లెకు వచ్చి అయిదేండ్లు అయింది. మా ఆయన మునిశేఖర్ పూతలపట్టు క్రాసు నుంచి కాణిపాకానికి ఆటో తోల్తాడు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త దేవకమ్మ, మా పాప ప్రసన్నకుమారి. పాపకు మూడేండ్లు. అంగన్వాడీలో తూకం వేసినప్పుడంతా టీచరమ్మ నా మొహం చూసి పెదవి విరిచేది. "బరువు చాలదమ్మా. ఇంట్లో కూడా ఒక గుడ్డు పెట్టు దినామూ."

కుప్పమ్మవ్వ వారానికి ఒకతూరి గుడ్లగంప ఎత్తుకోని మా ఊరికి వచ్చేది. వయసు డెబ్భై దాటింటాది. చెవుడు. మనిషి మాత్రం గట్టి. ఒకరోజు పాపను చూసి, చేతిని పట్టుకోని పైకీ కిందికీ చూసి, "ఏం అమ్మణ్ణీ, గుడ్డు గుడ్డు కొని ఎన్నాళ్ళు పెడతావు? కోడినే సాక్కో" అనింది.

"నాకు సాకేది తెలీదవ్వా."

"బిడ్డను సాకతా ఉండావు కదా. కోడి అంత ఏడిపించదులే."

పై వారం నల్లకోడిని సంకన పెట్టుకోని వచ్చింది. పాలుకు ఇచ్చింది. మా తట్టు అది ఉండేదే. కోడి ఆమెది, సాకేది నేను. పొదిగి పిల్లలు తీస్తే ఆమెకు సగం, నాకు సగం. గుడ్లు మాత్రం పాపకే అని ముందే చెప్పేసింది. "ఇది కోడి అనుకోవద్దు. నా కూతుర్ని నీ ఇంటికి పంపిస్తా ఉండా అనుకో" అని కూడా చెప్పింది. ఆ తర్వాత ఆమె ఎప్పుడు వచ్చినా ముందు కోడి దగ్గరికే. దాన్ని పట్టుకోని రెక్క ఎత్తి, బూరు మీద ఉఫ్ఫని ఊది పేన్లు ఉన్నాయేమో చూసి, కిందికి వదిలినాకనే "పాప బాగుండాదా" అని అడిగేది. నేను నవ్వుకునేదాన్ని.

నల్లకోడి పొదిగింది. ఎనిమిది పిల్లలు. నాలుగు అవ్వకు ఇచ్చేసి నాలుగు నేను పెట్టుకున్నాను. ఐరాల సంతలో మూడు పెట్టలు, ఒక పుంజు కొన్నాను. తొమ్మిది అయినాయి. పాప దినామూ గుడ్డు తినింది. అంగన్వాడీ టీచరమ్మ పెదవి విరిచేది మానేసింది.

కానీ నా ప్రాణానికి నెమ్మది లేకపోయింది. కోడి తుమ్మితే భయం. కోడి తినకపోతే భయం, ఎక్కువ తింటే ఇంకా భయం. ఫోన్లో చూస్తే కోళ్ళకు వచ్చే రోగాలు తప్ప ఇంకేమీ కనపడవు. ఒకటి చూసి మూసేలోపల ఇంకోటి వస్తాది. ఈ రోగం మనుషులకు అంటుకుంటాది అని ఒకడు అరస్తాడు, అంటుకోదు అని ఇంకొకడు అరస్తాడు. పాపేమో కోడిపిల్లల్ని ఎత్తుకోని ముద్దులు పెట్టుకుంటాది. నేను సోపు ఎత్తుకోని దాని వెనకాల పరిగెత్తతా ఉంటాను.

"కోడికి దగ్గొస్తే నూటెనిమిదికి ఫోన్ చేసేటట్టు ఉండావే" అంటాడు మా ఆయన.

ఒకరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు చూస్తే నల్లకోడి గోడవార మట్టిలో పక్కకు పడిపోయి, కాళ్ళు చాపి, రెక్కలు టపటపా కొట్టుకుంటా ఉండాది. కళ్ళు సగం మూసుకుని ఉండాది. ఫిట్సు వచ్చినాయి అనుకున్నాను. ఫిట్సు వస్తే ఇనుపది ఏదన్నా పట్టించాల కదా. లోపలికి పరిగెత్తి తాళాలగుత్తి తెచ్చి దాని కాళ్ళకు ఆనించి పట్టుకున్నాను. ఇంకో చేత్తో వీడియో తీసి నిస్సీ మేడానికి పంపించినాను.

నిస్సీ మేడం అంటే మా ఊరి రైతు సేవా కేంద్రంలో పశువులకు, కోళ్ళకు మందులు చూసే అమ్మాయి. నాకంటే చిన్నది. అందరూ మేడం అంటారని నేనూ మేడం అంటాను, ఆ పిల్ల నన్ను అక్కా అంటాది. రెండు నిమిషాల్లో ఫోన్ చేసింది. నవ్వు ఆపుకోలేక మాట రాలేదు ఆ పిల్లకు.

"అక్కా, అది మట్టిస్నానం చేసుకుంటా ఉండాది. పేన్లు పోయేదానికి కోళ్ళన్నీ చేస్తాయి. ఆ తాళాలు తియ్ అక్కా, దానికి అడ్డంగా ఉండాయి."

ఆ మాట మా అత్త వినింది. సాయంత్రానికి మా ఆయన వినినాడు. తెల్లారికి పూతలపట్టు క్రాసులో ఉండే ఆటోలన్నీ వినినాయి. "ఏమప్పా మునిశేఖరూ, మీ ఇంట్లో కోడికి తాళం వేస్తారంటనే?" అని వారం దినాలు నవ్వుకున్నారంట. నవ్వుకోనీ. కానీ అప్పటినుంచి నేను ఏం చెప్పినా ఈ ఇంట్లో మట్టిస్నానం కిందికే పోయింది. అదే నా కొంప ముంచింది.

మొన్నటిది కాదు, అంతకుముందు శనివారం మా ఆయన కాణిపాకం నుంచి వస్తా రంగు కోడిపిల్లలు తెచ్చినాడు. మోపెడు మీద బుట్ట పెట్టుకోని అమ్ముతారే, అవి. గులాబీ రంగువి రెండు, పచ్చవి రెండు. "పాప నవ్వతాదని" అన్నాడు. నేను వేరే పెట్టెలో పెడదామన్నాను. "అవి పిల్లలు, పులులు కాదు, ఏం చేస్తాయి?" అని తీసి కోళ్ళ మధ్యలో వదిలేసినాడు. పాప నవ్వింది. రెండు దినాలు బాగా నవ్వింది. మూడోదినం గులాబీది ఒకటి నోరు తెరిచి ఊపిరి ఎగబీలుస్తా, నిలబడినది నిలబడినట్టే పక్కకు ఒరిగిపోయింది. సాయంత్రానికి నాలుగూ పోయినాయి.

"రంగుది అంతే, బతకదు" అన్నాడు మా ఆయన. అన్నీ తెలిసినట్టు.

బుధవారం పుంజు కూయలేదు. మూలన నిలబడి రెక్కలు నేలకు ఈడుస్తా ఉండాది. రెట్ట చూస్తే పచ్చగా, సున్నంలో ఆకురసం కలిపినట్టు ఉండాది. నేను మా అత్తను పిలిచి చూపించినాను.

"ఎండకే. నాకూ అట్లే ఉండాది. కాస్త మజ్జిగ పొయ్."

పక్కింటి వరదమ్మ గోడమీద నుంచి తొంగి చూసి, "ఉల్లిగడ్డా మిరియాలూ నూరి మింగించు లోకేశ్వరీ. మా తాతకాలం నుంచి అదే" అనింది. వాళ్ళ తాత కోళ్ళు ఏమైనాయని నేను అడగలేదు.

మా ఆయన అన్నం తింటా, "మళ్ళా ఏమన్నా మట్టిస్నానమేమో. తాళాలు తేనా?" అన్నాడు.

నాకు వచ్చిన కోపానికి చేతిలో ఉండే గరిటె అన్నం గిన్నెలో వేసి లేచిపోయినాను.

గురువారం పొద్దునకు పుంజు మెడ తిరిగిపోయింది. తల వెనక్కి పోయి ఆకాశం చూస్తా ఉండాది. ఒక పెట్ట కళ్ళు తెరవలేదు. నిస్సీ మేడానికి ఫోన్ చేస్తే ఆమె ఎక్కడో పల్లెలో పశువులకు టీకాలు వేస్తా ఉండాది. వెనకాల ఎనుములు అరస్తా ఉండాయి. ఈతూరి ఆ పిల్ల నవ్వలేదు.

"అక్కా, నేను రేపు మధ్యాహ్నం వస్తా. బాగుండేవాటిని, బాగలేనివాటిని వేరు చెయ్యి. చచ్చినవాటిని సున్నం వేసి పూడ్చు. ఒక్క కోడి కూడా నీ గడప దాటకూడదు. వినపడిందా? బతికిందైనా, చచ్చిందైనా."

ఆ మాట మా అత్తకు గట్టిగా చెప్పినాను. రెండుసార్లు చెప్పినాను. ఆమె చేతిలో అప్పుడు కత్తి ఉండాది. కళ్ళు తెరవని పెట్టను పట్టుకోని కోసేదానికి కూర్చోని ఉండాది.

"ఊపిరి ఉండంగానే కోసేస్తే కూరన్నా అవుతాది."

"అత్తా, రోగం కోడి!"

"ఉడికితే రోగం యాడుంటాది? మీ టౌనోళ్ళు తినే ఐసుపెట్టె కోడి మంచిదా?"

"పాపకు పెడతావా?"

దానికి మాత్రం ఆమె కత్తి పక్కన పెట్టింది. పాప అంటే మా అత్తకు ప్రాణం. అది నేను కాదనను. అందుకే ఇంత గొడవ.

శుక్రవారం పొద్దున పాప ఒళ్ళు కాలింది. ముందురోజంతా ఎండలో తిరిగింది, మామిడికాయలు తినింది. నాకు తెలుసు. తెలిసినా, ఫోన్లో అరిచినవాళ్ళంతా నా చెవిలో అరిచినట్టు అయింది. పాపను మా అత్త దగ్గర పడుకోబెట్టి, మా ఊరి ఆశా వర్కరు ఇంటికి జ్వరం మందు కోసం పోయినాను. పోయి వచ్చేదానికి ముక్కాలు గంట పట్టింటాది. అంతే.

వచ్చి చూస్తే గడపలో పసుపునీళ్ళు. పాప నుదుట పెద్ద మసిబొట్టు. నల్లకోడిని ఒంటిగా మూసిన గంప పక్కకు తీసేసి ఉండాది. దాని కింద ఏమీ లేదు.

మా అత్త కాళ్ళు కడుక్కుంటా ఉండాది.

"అత్తా, నల్లకోడి యాడ?"

"నువ్వు ముందు గట్టిగా మాట్లాడొద్దు. పాపకు నిద్ర పట్టింది."

"నల్లకోడి యాడత్తా?"

"పాపకు దిగదీసి, వరదమ్మను కాపలా పెట్టి, వంక అవతల వదిలేసి వచ్చినా. ఇంట్లో కోళ్ళన్నీ పోతా ఉండాయి, బిడ్డకు ఒళ్ళు కాలతా ఉండాది. ఇంగ చూస్తా కూర్చుంటారా? నల్లదే కావాల. నల్లది అదొక్కటే ఉండాది."

మా ఊర్లో అది కొత్త కాదు. ఇంట్లోకి రోగం వచ్చిందంటే ఒక కోడిని పట్టుకోని బిడ్డ చుట్టూ మూడుసార్లు తిప్పి, దానికి పసుపూ కుంకుమా పెట్టి, పొలిమేర అవతల వదిలేసి వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. రోగం కోడితో పాటు పోతాది అంటారు. నిజమే, పోతాది. ఈతూరి కోడిలోనే పోయింది.

"ఒక్క కోడి కూడా గడప దాటకూడదని రెండుసార్లు చెప్పినా కదత్తా!"

"ఆ పిల్ల సూదులేసే పిల్ల. ఆ పిల్లకేం తెలుసు దిగదీసేది?"

"ఆ కోడికీ రోగం తగిలింటాది. వంక అవతల ఊరోళ్ళ కోళ్ళు ఏం కావాల?"

"గంగమ్మ చూసుకుంటాది."

"వాళ్ళ ఊర్లో గంగమ్మ లేదా అత్తా? ఆమె ఊరుకుంటాదా?"

మా అత్త చెంబు కింద పెట్టింది. "పోయిన ఏడాది వాళ్ళు మాత్రం ఏం చేసినారు? మన పక్క మిట్టమీద రెండు పుంజుల్ని వదల్లేదా? అప్పుడు మన కోళ్ళు పోలేదా?"

అంటే ఇది ఏండ్ల తరబడి జరగతా ఉండాది. మనం వాళ్ళకు, వాళ్ళు మనకు. వంకలో నీళ్ళు లేకపోయినా రోగం మాత్రం అటూ ఇటూ దాటతానే ఉండాది.

"అత్తా, అది కుప్పమ్మవ్వ కోడి. పాలుకు ఇచ్చిన కోడి. ఆమె ఇల్లు ఆడనే. ఆమె చూస్తే దాన్ని గుర్తుపట్టదా? గుర్తుపడితే సంకన పెట్టుకోని ఇంట్లోకి తీసుకపోదా?"

మా అత్త ఆ మాట తలవనే తలవలేదు. అది ఆమె మొహంలోనే కనపడింది. కానీ ఒప్పుకునే మనిషా?

"వేరే ఎవరన్నా పట్టుకోని కోసుకోని ఉంటారులే."

నేను కొంగు నడుముకు చెక్కుకోని చెప్పులేసుకున్నాను. వంక దాకా నడిస్తే పావుగంట. మా అత్త వాకిలికి అడ్డం నిలబడింది. అంత వేగంగా ఆమె కదలడం నేను ఎప్పుడూ చూడలేదు.

"పోయినావంటే మర్యాదగా ఉండదు. దిగదీసినదాన్ని వెతుక్కుంటా పోతే అది మళ్ళా బిడ్డమీదికే వస్తాది. ఈ ఇంటోళ్ళు ఎవరూ మూడు శుక్రవారాలు వంక దాటకూడదు."

"మూడు శుక్రవారాల్లోపల ఆమె కోళ్ళన్నీ పోతాయి!"

"కోళ్ళు ముఖ్యమా, నీ కడుపున పుట్టింది ముఖ్యమా?"

ఇద్దరం అరుచుకుంటా ఉండగా నిస్సీ మేడం స్కూటీ వచ్చి నిలబడింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంగ ఈ పిల్ల మా అత్తకు బుద్ధి చెప్తాది అనుకున్నాను.

మేడం చేతులకు తొడుగులు వేసుకోని పుంజును చూసింది, పెట్టలను చూసింది, రెట్ట చూసింది. "కొక్కెర రోగం అక్కా. దీనికి మందు లేదు. ముందే టీకా వేయించాల. రంగుపిల్లలు ఏమన్నా కొన్నారా?" అని అడిగింది. మా ఆయన ఇంట్లో లేడు కాబట్టి బతికిపోయినాడు.

"పాపకు వస్తాదా మేడం?" అన్నాను.

"రాదక్కా. ఇది కోళ్ళకు వచ్చేది. మహా అయితే పట్టుకున్నవాళ్ళకు రెండుదినాలు కళ్ళు ఎర్రబడతాయి. పాపది ఎండజ్వరం మాదిరి ఉండాది. అయినా ఐరాల ఆస్పత్రిలో ఒకసారి చూపించు."

నల్లకోడి సంగతి అంతా చెప్పినాను. "మేడం, మీరన్నా మా అత్తకు చెప్పండి. నేను పోయి దాన్ని పట్టుకోని వచ్చేస్తా."

ఆ పిల్ల రెండు చేతులూ అడ్డం పెట్టింది. "అయ్యో, నువ్వు పోవద్దక్కా! నీ చెప్పులకు, చీరకు, చేతులకు అంతా రోగమే ఉండాది. అది ఇంకా ఆ అవ్వ ఇంటికి చేరకపోయినా నువ్వే చేరుస్తావు. మీ ఇంటోళ్ళు ఎవరూ ఇరవై ఒక్కరోజు ఇంకో కోళ్ళ ఇంటికి పోకూడదు."

"ఇరవై ఒక్కరోజు అంటే?" అనింది మా అత్త, ఎంచుకుంటా. "మూడు శుక్రవారాలు! సూసినావా? నేను చెప్తే తిడతాది. మేడం చెప్పింది విను ఇప్పుడు."

జన్మలో మొదటిసారి మా అత్తా, నిస్సీ మేడమూ ఒకే మాట చెప్పినారు. అదీ ఆరోజే చెప్పాల్నా? నాకు గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

"అయితే మీరు పోండి మేడం."

"నేను ఇప్పుడు మీ కోళ్ళను పట్టుకున్నా కదక్కా, ఈరోజు నేనూ పోకూడదు. ఇంగోటి, ఆ ఊరు ఐరాల కిందికి రాదు, పూతలపట్టు మండలం. ఆడ చూసే అన్నకు చెప్తా." అక్కడే నిలబడి ఫోన్ చేసింది. ఆయన ఎక్కడో ట్రైనింగులో ఉన్నాడంట. వచ్చినాక చూస్తానన్నాడంట. "అవ్వకు ఫోన్ ఉంటే నువ్వే చెయ్యక్కా. ఆ కోడి వచ్చింటే ముట్టుకోకుండా దూరంగా మూసిపెట్టమను. మిగతావాటికి నేను టీకా పంపిస్తా" అని చెప్పి పోయింది.

కుప్పమ్మవ్వకు బటన్ ఫోన్ ఒకటి ఉండాది. గుడ్లగంపలో గుడ్డపేలికల మధ్య పెట్టుకుంటాది. మూడుసార్లు చేసినాక ఎత్తింది. మా అత్త నా ఎదురుగా కూర్చోని నన్నే చూస్తా ఉండాది. చెప్తే బిడ్డకు తగులుతాదని చేతులూపతా ఉండాది.

"అవ్వా, నేను లోకేశ్వరిని."

"ఎవరూ? అమ్మణ్ణీ, నువ్వా! గట్టిగా చెప్పు."

"ఎట్లుండావవ్వా?"

"నాకేం, బాగుండా. నా కూతురు ఎట్లుండాది? మళ్ళా పొదుగుకు కూర్చుందా?"

నల్లకోడిని అడగతా ఉండాది. అంటే అది అప్పటికి ఆమెకు కనపడలేదు. చెప్పాల్సింది ఆ క్షణంలోనే. అవ్వా, నీ కోడికి రోగం తగిలింది, మా అత్త తెచ్చి నీ తోపు పక్కన వదిలింది, కనపడితే ఇంట్లోకి రానీయొద్దు అని. నాలుగు మాటలు. నా నోట్లోనే ఉండాయి. ఆమె నమ్మి ఇచ్చిన కోడిని మేము పారేసినాం అని ఎట్ల చెప్పేది? నా ఎదురుగా మా అత్త, ఒళ్ళో కాలతా ఉండే బిడ్డ.

"బాగుండాది అవ్వా" అన్నాను.

"పాప?"

"పాప కూడా బాగుండాది."

"సరే అమ్మణ్ణీ, వచ్చే వారం వస్తా" అని పెట్టేసింది.

అందరిమీదా అరిచినాను కదా నేను. అత్తమీద, మొగుడిమీద, పక్కింటామెమీద, ఫోన్లో అరిచేవాళ్ళమీద. వీళ్ళందరూ తెలియక చేసినారు. తెలిసి చేసింది నేనొక్కదాన్నే. పావుగంట తర్వాత సిగ్గు విడిచి మళ్ళా ఫోన్ చేసినాను. స్విచ్చాఫ్. సాయంత్రం స్విచ్చాఫ్. శనివారం, ఆదివారం, సోమవారం స్విచ్చాఫ్.

పాప జ్వరం శనివారానికే దిగిపోయింది. ఐరాల ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎండజ్వరమే అనింది. మా అత్త మాత్రం దిగదీసినందుకే దిగింది అంటా ఉండాది. అదే రోజు పాప తలమీద నా చెయ్యి పెట్టించి, మూడు శుక్రవారాలు వంక దాటను అని ఒట్టు వేయించింది. నాకు వీటిమీద నమ్మకం లేదు అని చెప్పాలని ఉండాది. కానీ చెయ్యి బిడ్డ తలమీద ఉన్నప్పుడు నమ్మకం ఉండేదీ లేనిదీ ఎవరికి తెలుస్తాది? మీకు బిడ్డలుంటే నన్ను తిట్టరు.

మా ఆయనను పంపించినాను. రంగుపిల్లల సంగతి తెలిసినప్పటినుంచి ఆయన కూడా జోకులు మానేసినాడు. ఆదివారం ఆటో రోడ్డుమీదనే నిలబెట్టి, కిందికి దిగకుండా, "అవ్వా! కుప్పమ్మవ్వా!" అని అరిచినాడంట. రోడ్డునుంచి ఇంటికి రెండు వందల అడుగులు ఉంటాది. చెవుడు మనిషి. ఎవరూ పలకలేదంట. ఆటోలో కూర్చున్నవాళ్ళు తొందరపెడితే వచ్చేసినాడు.

"కోళ్ళ అరుపు వినపడిందా?" అని అడిగినాను.

"లేదే. వినపడలేదు" అన్నాడు.

ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం పోవడం లేదు. ఆమె కోళ్ళు పదిహేను ఉంటాయి. పొద్దున తలుపు తీసినప్పటినుంచి సాయంత్రం మూసేదాకా ఆమె మాట్లాడేది వాటితోనే. ఇంట్లో ఇంకో మనిషి లేదు. మా ఊర్లో ఎవరినన్నా పంపిద్దామంటే కోడి లేని ఇల్లు ఒక్కటి లేదు, ఎవరింటికి పోయి అడిగినా ముందు నన్నే గేటు బయట నిలబెడతా ఉండారు. పూతలపట్టు ఆయన ట్రైనింగునుంచి ఇంకా రాలేదు. ఈరోజు మంగళవారం. నాలుగు దినాలయింది ఆమె మాట విని.

అందుకే ఇదంతా రాస్తా ఉండాను. దీన్ని చదివేవాళ్ళలో ఎవరన్నా ఆ దోవన పోయేవాళ్ళుంటే ఒక్క ఉపకారం చేయండి. పూతలపట్టు క్రాసునుంచి ఐరాల రోడ్డులో వస్తే, వంకమీద కల్వర్టు వస్తాది. దానికి కొంచెం ముందే, ఎడమ తట్టు తోతాపురి తోపు. తోపులో రేకుల ఇల్లు, ముందర నీలం రంగు డ్రమ్ము ఉంటాది. మీ ఇంట్లో కోళ్ళు ఉంటే మాత్రం దయచేసి మీరు పోవద్దండి, ఇంకొకరికి చెప్పండి. పోయినవాళ్ళు రోడ్డుమీదనుంచి అరిస్తే ఆమెకు వినపడదు. ఇంటి దాకా పోయి తలుపు కొట్టండి. లోకేశ్వరి అబద్ధం చెప్పిందని చెప్పండి, తిడితే నా బదులు మీరు తిట్లు తినండి. కోళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు అవ్వ లేచి తిరగతా ఉండాదా, ఇంత గంజన్నా తాగిందా, అది చూసి రండి.